దొరకని రివాల్వర్ కోసం వెతుకులాట: దుకాణదారుతో పని

అమెరికాలో చేతి తుపాకులు అమ్మే దుకాణాలు దాదాపు ప్రతి పట్టణంలోనూ ఉన్నప్పటికీ, తయారీ ఆగిపోయిన ఒక పాత మోడల్‌ను కోరి వెళ్లినవారికి అక్కడ ఎక్కువసార్లు ఎదురయ్యేది ‘లేదు’ అన్న జవాబే. అది విన్న కొనుగోలుదారు నిరాశతో వెనుదిరగడమో, తొందరపడి దానిలాంటిదే మరొకటి కొనేయడమో జరుగుతుంది. రెండూ తప్పే, ఎందుకంటే అరుదైన తుపాకి చాలా సందర్భాల్లో అద్దాల బల్లలోకి చేరకముందే, దాన్ని ముందుగా అడిగి పెట్టుకున్నవారి చేతికి వెళ్లిపోతుంది. వెతుకులాటలో సగం పని ఆ తుపాకి మొదట చేరగల దుకాణాన్ని గుర్తించడంలో ఉంటే, మిగతా సగం ఆ దుకాణదారుకు గుర్తుండిపోయే కొనుగోలుదారుగా నిలవడంలో ఉంది.

ఈ అధ్యాయానికి ఉదాహరణ కోల్ట్ పైథాన్ రివాల్వర్. కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో కోల్ట్ సంస్థ 1955లో దీన్ని విడుదల చేసినప్పుడు ధర 125 డాలర్లు. ఆరు తూటాలు పట్టే ఈ రివాల్వర్ .357 మాగ్నమ్ తూటాలను పేలుస్తుంది. గొట్టం పైన కంతలున్న పట్టీ, గొట్టం కింద చివరిదాకా సాగే ఉక్కు దిమ్మె, అద్దంలా మెరిసే రాయల్ బ్లూ అనే ముదురు నీలం పూత దీని గుర్తులు. మామూలు తయారీ 1999లో ఆగిపోగా, ప్రత్యేక ఆర్డర్ల మీద తయారైన కొద్దిపాటివి 2005 ప్రాంతం వరకు వచ్చాయి. 2010లో మొదలైన ‘ది వాకింగ్ డెడ్’ టీవీ ధారావాహికలో కథానాయకుడి చేతిలో ఇదే కనిపించడంతో కొత్త తరం కూడా దీని కోసం దుకాణాలు తిరగసాగింది. 2020లో కోల్ట్ ఇదే పేరుతో, లోపలి యంత్రాంగాన్ని మార్చి, స్టెయిన్‌లెస్ ఉక్కుతో కొత్త పైథాన్‌ను 1,499 డాలర్ల ధరకు తెచ్చింది. ఆ కొత్తది దొరకడం పెద్ద కష్టం కాదు. పాతదాని కోసం వెతికేవారికే ఈ సలహాలు అవసరం.

వెతకడం మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: కొనుగోలుదారుకు తుపాకి కొనే అర్హత ఉందా? అమెరికాలో నివసించే తెలుగువారికి ఇది మరీ ముఖ్యం. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి కొనడమే కాక దగ్గర ఉంచుకోవడం కూడా సమాఖ్య చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, వాటి మీద ఆధారపడదలచినవారు ముందుగా న్యాయవాదిని సంప్రదించడం తప్పనిసరి. గ్రీన్ కార్డు ఉన్న శాశ్వత నివాసులు, చట్టం చెప్పే ఇతర అనర్హతలు లేకపోతే, పౌరుల మాదిరిగానే కొనవచ్చు. లైసెన్స్ ఉన్న దుకాణంలో చేతి తుపాకి కొనడానికి సమాఖ్య చట్టం నిర్ణయించిన వయసు 21 ఏళ్లు. దీనిపైన రాష్ట్రాల నిబంధనలు వేర్వేరుగా ఉంటాయి. టెక్సాస్‌లో విడిగా అనుమతి పత్రం గానీ, నిరీక్షణ కాలం గానీ లేవు. కాలిఫోర్నియాలో 10 రోజుల నిరీక్షణతో పాటు, దుకాణాలు కొత్తగా అమ్మదగిన చేతి తుపాకుల అధికారిక జాబితా ఒకటి ఉంది. న్యూజెర్సీలో ఒక్కో చేతి తుపాకికి ఒక్కో కొనుగోలు అనుమతి పత్రం ముందుగా పోలీసుల నుంచి పొందాలి. ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉండే వ్యక్తి వెతికి వెతికి చివరికి తుపాకిని కనుగొన్న రోజున అనుమతి పత్రానికి దరఖాస్తు చేస్తే, ఆ పత్రం చేతికి వచ్చేదాకా దుకాణదారు దాన్ని నిలిపి ఉంచుతాడన్న భరోసా ఏముంది?

1. కావలసినదేమిటో ఒక చీటీలో పట్టేలా రాయగలగాలి.

‘పైథాన్ ఉందా?’ అని అడిగినవారికి దుకాణదారు కొత్త మోడల్‌ను చూపిస్తాడు, లేదంటే తల అడ్డంగా ఊపుతాడు. అందులో అతని తప్పేమీ లేదు. పాత పైథాన్‌లోనే రెండున్నర, నాలుగు, ఆరు, ఎనిమిది అంగుళాల గొట్టాలున్నవి, నీలం పూత, నికెల్ పూత, స్టెయిన్‌లెస్ ఉక్కువి అంటూ ఎన్నో రకాలున్నాయి. వీటి ధరల మధ్య తేడా కూడా చాలా ఎక్కువ. అందువల్ల గొట్టం పొడవు, పూత, తయారీ కాలం, అసలు పెట్టె, కాగితాలు కావాలా అక్కరలేదా, ఎంతవరకు వాడినది అయినా సమ్మతమే, ఎంత ధర వరకు వెళ్లగలరు అన్న ఆరు విషయాలు ముందుగానే నిర్ణయించుకోవాలి. వీటిలో ఏది వదులుకోవడానికి సిద్ధమో, ఏది వదులుకోరో కూడా తేల్చుకుంటే మంచిది. గాజు బీరువాలో భద్రపరచదలచినవారికి పూత ప్రాణం. గురి అభ్యాసానికి తీసుకెళ్లేవారికి పూత మీది గీతలు తక్కువ ధరకు దారి చూపే మేలు. ఈ తేడా తెలియకపోతే, అభ్యాసకుడు సేకర్తల ధర చెల్లించి, తరువాత ఆ తుపాకిని పేల్చడానికి మనసొప్పక బీరువాలో దాచుకునే స్థితికి వస్తాడు.

2. ఏ దుకాణానికి ఎలాంటి తుపాకులు వస్తాయో తెలుసుకోవాలి.

మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాల వ్యవహారాలు చూసే ఏటీఎఫ్ అనే సమాఖ్య సంస్థ లైసెన్స్ ఉన్న అమ్మకందారుల జాబితాను రాష్ట్రాలవారీగా ప్రకటిస్తుంది. అందులో లైసెన్స్ రకం కూడా ఉంటుంది: మామూలు దుకాణానిది 01వ రకం, వస్తువులు తాకట్టు పెట్టుకునే దుకాణానిది 02వ రకం. ఈ జాబితాతో తన ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న దుకాణాల పట్టికను ఎవరైనా ఒక సాయంత్రంలో తయారు చేసుకోగలరు.

పెద్ద గొలుసు దుకాణాలు పంపిణీదారుల నుంచి వచ్చే కొత్త సరుకు మీద ఆధారపడతాయి కాబట్టి, పాత మోడల్ వెతికేవారికి వాటితో పని తక్కువ. అసలు అవకాశం పాత తుపాకులు కొని అమ్మే చిన్న దుకాణాల్లో ఉంది. ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఉన్న దుకాణదారుకు, చుట్టుపక్కల ఎవరి దగ్గర ఏ తుపాకి ఉందో చాలావరకు తెలిసి ఉంటుంది. ఒక సేకర్త చనిపోయినప్పుడు అతని భార్య, పిల్లలు సలహా కోసం మొదట వెళ్లేది అలాంటివాని దగ్గరికే. కొన్ని దుకాణాలు కన్‌సైన్‌మెంట్ పద్ధతిలో అమ్ముతాయి, అంటే యజమాని తన తుపాకిని దుకాణంలో ఉంచుతాడు, అది అమ్ముడైతే దుకాణదారు కమీషన్ మినహాయించుకొని మిగతా సొమ్ము అతనికి ఇస్తాడు. ఇటువంటి దుకాణంలో ఒకరు అడిగి పెట్టిన మాట, అమ్మాలా వద్దా అని ఊగిసలాడే యజమాని చెవికి కూడా చేరే వీలుంటుంది. తాకట్టు దుకాణాల్లో అప్పుడప్పుడు అపురూపమైనవి కనిపించినా, అక్కడి సిబ్బందికి అన్ని మోడళ్ల విలువ తెలియకపోవచ్చు. ఇది కొనుగోలుదారుకు లాభమూ కావచ్చు, నష్టమూ కావచ్చు. వారాంతాల్లో జరిగే గన్ షోలలో సరుకు చూసి చేతితో పట్టుకొని నేర్చుకోవడానికి అవకాశం ఎక్కువ. మొదటి షోలో ఏమీ కొనకుండా, పది పైథాన్‌లను పరిశీలించి వాటి ధరలు రాసుకొని వచ్చినవారు ఆ రోజును వృథా చేసుకున్నట్టు కాదు.

3. దుకాణదారుకు గుర్తుండేలా అడగాలి.

ఇద్దరు కొనుగోలుదారులు ఒకే దుకాణానికి వెళ్లారనుకుందాం. మొదటివాడు శనివారం మధ్యాహ్నం రద్దీలో లోపలికి వచ్చి, పాత పైథాన్ ఎప్పుడైనా వస్తే ఫోన్ చేయమని చెప్పి వెళ్లిపోయాడు. రెండోవాడు వారం మధ్యలో, దుకాణం ఖాళీగా ఉన్న వేళ వచ్చి, ‘1970లలో తయారైన నాలుగు అంగుళాల నీలం పైథాన్, పూత మార్చనిది కావాలి, పెట్టె లేకపోయినా పరవాలేదు, ఇంత ధర వరకు ఇవ్వగలను, ఫోన్ వచ్చిన రెండు రోజుల్లో వచ్చి చూస్తాను’ అని రాసిన చీటీ ఇచ్చి, తూటాల డబ్బా ఒకటి కొని, కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు. ఆ రివాల్వర్ ఆ దుకాణానికి వచ్చిన రోజున ఎవరికి ఫోన్ వెళుతుంది?

దుకాణదారు భయపడేది, ఒక వస్తువును కొనుగోలుదారు కోసం పక్కన పెట్టిన తరువాత అతను రాకపోవడం. ఆ భయాన్ని తీర్చినవారికి పాత సరుకు మొదట చూపే అలవాటు సహజంగానే ఏర్పడుతుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి స్వయంగా వెళ్లి పలకరించడం చాలు. ప్రతి వారం ఫోన్ చేసి ‘వచ్చిందా?’ అని అడగడం విసుగు పుట్టిస్తుంది. కోరిన మోడల్ వేరే చోట దొరికితే, మిగతా దుకాణదారులందరికీ ఆ మాట చెప్పి చీటీ వెనక్కి తీసుకోవడం మర్యాద. ఈ చిన్న మర్యాదను చాలామంది మరచిపోతారు, దాంతో తరువాతి వెతుకులాటలో వారి మాటకు విలువ ఉండదు.

4. అడుగుతున్న ధరను, అమ్ముడైన ధరను వేరుచేసి చూడాలి.

బల్ల మీది చీటీలో ఉన్న సంఖ్య అమ్మేవారి ఆశ మాత్రమే. అదే రకం పైథాన్‌లు వేలంపాటల్లో చివరికి ఏ ధరకు ముగిశాయో చూసుకుంటూ, ఏటా వచ్చే ‘బ్లూ బుక్ ఆఫ్ గన్ వాల్యూస్’ వంటి ధరల పుస్తకంతో పోల్చుకుంటే, న్యాయమైన ధర ఎంతో కొద్ది వారాల్లోనే అంచనాకు వస్తుంది. బేరం ఆడేటప్పుడు తుపాకిలోని లోపాన్ని మర్యాదగా చూపించి తగ్గించమనడం సబబుగా ఉంటుంది. సగం ధరకు అడగడం, పక్క దుకాణం పేరు చెప్పి ఒత్తిడి చేయడం పరిచయాన్నే పాడుచేస్తాయి. నిజంగా మంచి స్థితిలో ఉన్న అరుదైన రకానికి న్యాయమైన ధర కంటే కొద్దిగా ఎక్కువ ఇవ్వడం తప్పు కాదు, కానీ ‘ఇదే ఆఖరుది’ అన్న మాటకు లొంగి ఇవ్వడం మాత్రం తప్పు.

5. చేతికి వచ్చిన తరువాతే అసలు పరీక్ష మొదలవుతుంది.

నెలల తరబడి వెతికిన వస్తువు కళ్లెదుట కనిపించినప్పుడు లోపాలు కనిపించకుండా పోవడం మనిషి స్వభావం. అందుకే పరీక్షించే క్రమాన్ని ముందుగానే రాసుకొని, దాన్నే అనుసరించడం మేలు. మొదట గొట్టాన్ని ఎవరివైపూ చూపకుండా, సిలిండర్‌ను, అంటే తూటాలు అమర్చే తిరిగే భాగాన్ని బయటికి తెరచి, ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని స్వయంగా చూసుకోవాలి. దుకాణదారు చూశాడని చెప్పినా మళ్లీ చూడటం అవమానం కాదు, ఆ రంగంలో అది మర్యాదే.

తరువాత పూత సంగతి. వాడిన తుపాకికి మళ్లీ పూత వేయిస్తే పైకి కొత్తదానిలా మెరుస్తుంది గానీ, సేకర్తల లెక్కలో దాని విలువ బాగా పడిపోతుంది. దీన్ని ఎలా కనిపెట్టాలి? మెరుగు పెట్టే యంత్రం అంచులను గుండ్రంగా అరగదీస్తుంది, మరలు కూర్చునే రంధ్రాల చుట్టూ చిన్న గుంటలు పడేలా చేస్తుంది, గొట్టం మీద అచ్చువేసిన పేరు, గుర్తుల గీతలను పలచబరుస్తుంది. కోల్ట్ గుర్తు అయిన గుర్రం బొమ్మ కాళ్లు స్పష్టంగా ఉన్నాయా, అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా అన్నది వెలుతురులో వంచి చూడాలి. మరల తలలు చెదిరి ఉంటే, అనుభవం లేనివారెవరో లోపలి భాగాలను విప్పారని అర్థం.

యంత్రాంగం పరీక్షకు ముందు దుకాణదారు అనుమతి అడగాలి, ఎందుకంటే పాత తుపాకిలో తూటా లేకుండా సుత్తిని కొట్టించడం, అంటే డ్రై ఫైర్ చేయడం, చాలామందికి నచ్చదు. అనుమతి దొరికితే సుత్తిని బొటనవేలితో పట్టుకొని మెల్లగా వెనక్కి లాగుతూ, సుత్తి పూర్తిగా వెనక్కి చేరేలోగా సిలిండర్ తన చోట బిగుసుకుంటోందో లేదో ఒక్కో గదికీ చూడాలి. దీన్నే టైమింగ్ అంటారు. పాత పైథాన్‌లో సిలిండర్‌ను తిప్పే చిన్న ఉక్కు వేలు అరిగిపోవడం బాగా తెలిసిన లోపం. దాన్ని సరిచేయగల అనుభవజ్ఞులు తగ్గిపోతున్నందున, బాగు చేయించే ఖర్చు, కాలం రెండూ ధరలోంచి తీసివేసి లెక్కించాలి. ట్రిగ్గర్‌ను నొక్కిపట్టి, సుత్తిని నెమ్మదిగా ముందుకు దించిన స్థితిలో సిలిండర్ దాదాపు కదలకూడదు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందును, మెకానిక్‌లు వాడే పలచటి రేకుల కొలమానంతో కొలవవచ్చు. చివరగా గొట్టం లోపల కాంతి పడేలా చూసి, తుప్పు గుంటలు లేవని తెలుసుకోవాలి.

విలువ ఎక్కువ ఉన్న రకాల్లో మోసం కూడా ఎక్కువ. అరుదైన పొట్టి గొట్టాన్ని మామూలు తుపాకికి బిగించి, పెద్ద ధరకు అమ్మినవారున్నారు. కోల్ట్ సంస్థ తన పాత రికార్డుల ఆధారంగా రుసుము తీసుకొని ఆర్కైవ్ లేఖ ఇస్తుంది. సీరియల్ నంబరును బట్టి ఆ తుపాకి ఎప్పుడు, ఎంత గొట్టం పొడవుతో, ఏ పూతతో, ఎవరికి పంపబడిందో అందులో ఉంటుంది. పెద్ద మొత్తం చెల్లించేటప్పుడు ఈ లేఖను షరతుగా పెట్టడానికి మొహమాటపడనక్కరలేదు. తప్పు తుపాకిని తిరిగి బల్ల మీద పెట్టి వచ్చేయగలిగినవారు ఆ రోజు ఖాళీ చేతులతో వెళ్లినా, దుకాణదారు దృష్టిలో తెలిసిన కొనుగోలుదారుగా మిగులుతారు.

6. వేరే రాష్ట్రంలో దొరికితే దారి వేరు.

సాధారణ కొనుగోలుదారు తాను నివసించే రాష్ట్రం వెలుపల చేతి తుపాకిని చేతికి తీసుకోకూడదు. అమ్మేవారు దాన్ని కొనుగోలుదారు సొంత రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న దుకాణానికి పంపాలి, అక్కడ కాగితాలు పూర్తయ్యాకే అది చేతికి వస్తుంది. ఈ బదిలీకి దుకాణదారు కొంత రుసుము తీసుకుంటాడు. స్థానిక దుకాణదారుతో ముందే పరిచయం ఉంటే ఈ పని సులభమవుతుంది. ఊళ్లో వెతికినందువల్ల కలిగే మరో లాభం ఇది. మొదటి పైథాన్‌లలో చాలావాటికి 50 ఏళ్లు దాటాయి కాబట్టి, మూల రూపం మారకుండా ఉంటే అవి క్యూరియో అండ్ రెలిక్ అనే పురాతన సేకరణ వస్తువుల తరగతిలోకి వస్తాయి. సేకర్తలకు ఇచ్చే 03వ రకం లైసెన్స్, మూడేళ్లకు 30 డాలర్ల రుసుముతో, ఇటువంటివాటిని సమాఖ్య చట్టం మేరకు ఇతర రాష్ట్రాల నుంచి నేరుగా తెప్పించుకోవడానికి వీలు కల్పిస్తుంది. అయితే రాష్ట్ర నిబంధనలు అప్పటికీ వర్తిస్తాయి, ఆ లైసెన్స్‌తో వ్యాపారం చేయకూడదు.

7. కాగితాల దగ్గర తడబడకూడదు.

దుకాణంలో నింపవలసిన సమాఖ్య పత్రం 4473వ ఫారం. దాని ఆధారంగా ఎఫ్‌బీఐ నడిపే తక్షణ నేపథ్య తనిఖీ జరుగుతుంది. 1998 నవంబరు 30 నుంచి అమల్లో ఉన్న ఈ తనిఖీ చాలామందికి నిమిషాల్లో ముగుస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది. గ్రీన్ కార్డు ఉన్న తెలుగువారికి ఎదురయ్యే సమస్యలు సాధారణంగా చిన్నవే: డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ చిరునామా ఉండటం, ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరో పత్రంలో వెనుక ఉండటం, గ్రీన్ కార్డు ఇంట్లో మరచిపోవడం. తుపాకి దొరకడానికి ముందే వీటిని సరిచేసుకుంటే, దొరికిన రోజున దుకాణదారు ఎదుట నిలబడి సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది ఇక్కడే ఉంది. హెచ్-1బి మీద ఉన్న స్నేహితుడో, బావమరిదో డబ్బిచ్చి, గ్రీన్ కార్డు ఉన్న బంధువును ‘నీ పేరు మీద కొనిపెట్టు’ అని అడిగితే ఏం చేయాలి? ఎంత దగ్గరివారైనా నిరాకరించాలి. 4473వ ఫారంలో కొనేది తన కోసమేనా అన్న ప్రశ్నకు అబద్ధపు జవాబు రాయడం సమాఖ్య నేరం; దీన్ని స్ట్రా పర్చేజ్, అంటే ఒకరి కోసం మరొకరు కొనుగోలుదారుగా నటించడం అంటారు. 2014లో అబ్రామ్‌స్కీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అసలు తీసుకునే వ్యక్తికి కొనే అర్హత ఉన్నప్పటికీ ఆ అబద్ధం నేరమేనని తీర్పునిచ్చింది. ఆ కేసులో ఒక మాజీ పోలీసు అధికారి తన మామ కోసం, ఆయన డబ్బుతో తుపాకి కొన్నాడు. 2022 నాటి చట్టం అనర్హుల కోసం చేసే ఇలాంటి కొనుగోళ్లకు 15 ఏళ్ల వరకు జైలు శిక్షను నిర్దేశించింది. పౌరసత్వం లేనివారికి తుపాకి చట్టాల కింద పడే శిక్ష దేశం నుంచి పంపివేతకు కూడా దారితీస్తుంది. సొంత డబ్బుతో కొని ఇచ్చే నిజమైన బహుమతికి చట్టం చోటిచ్చినా, అనర్హులకు ఆ బహుమతి ఇవ్వడం కూడా నేరమే.

8. ఇంటికి చేరిన తరువాత.

లైసెన్స్ ఉన్న దుకాణదారు చేతి తుపాకితో పాటు తాళమో, భద్రపరిచే సాధనమో ఇవ్వాలని సమాఖ్య చట్టం చెబుతుంది, కానీ ఆ తాళం పెట్టెలోనే ఉండిపోతే ప్రయోజనమేముంది? పిల్లలున్న ఇంట్లో తుపాకిని తాళం వేసిన ఇనప్పెట్టెలోనూ, తూటాలను వేరే తాళం కిందనూ ఉంచడం మొదటి రోజు నుంచే జరగాలి. సీరియల్ నంబరు, ఫొటోలు, రసీదు, ఆర్కైవ్ లేఖ నకళ్లను తుపాకికి దూరంగా వేరే చోట దాచుకుంటే దొంగతనం జరిగినప్పుడు పోలీసులకూ, బీమా సంస్థకూ చూపడానికి ఆధారం ఉంటుంది. షూటింగ్ రేంజికి వెళ్లే సంచిని వేరే ఏ పనికీ వాడకూడదు, ముఖ్యంగా భారతదేశ ప్రయాణానికి. ఆ సంచి మడతల్లో మిగిలిపోయిన ఒక్క తూటా విమానాశ్రయ తనిఖీలో బయటపడినా, అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవలసి రావచ్చు. అందువల్ల రేంజి నుంచి వచ్చిన ప్రతిసారీ ఆ సంచిని పూర్తిగా దులిపి, జేబులన్నీ తిప్పి చూసి, తుపాకితో పాటు తాళంలోనే ఉంచాలి.